నాలుగో లిఫ్టు చూపరి

నమోదు 1

ఇవాళ కూడా అన్నం పలుకుగానే దిగింది. తప్పు బియ్యానిది కాదు, నాదే. కుక్కర్ ముల్లుకేసి చూస్తూ బుద్ధిగా కూర్చున్నాను. మధ్యలో ఆఫీసులో అడగాల్సిన ప్రశ్న ఒకటి గుర్తొచ్చింది. అంతే, కుక్కర్ చల్లబడిపోయింది. సముద్రం మధ్య అంతస్తుమీద అంతస్తుగా లేచిన మా నిలువూరులో యంత్రాలకి మహా పౌరుషం. తాతల కాలంలో అవి మనల్ని అడక్కుండా తమలో తాము ఏదో అనుకుని, కింది అంతస్తుల్ని సముద్రానికి వదిలేశాయట. అప్పటినుంచి మనిషి చూడనిదే ఏ యంత్రమూ కదలకూడదని చట్టం. అందుకని ప్రతి యంత్రానికీ ఒక ముల్లు, ప్రతి మనిషి చెవికీ ఒక పట్టీ. ముల్లుకేసి మనసు పెట్టి చూస్తే చెవిపట్టీ మీది దీపం పచ్చగా వెలుగుతుంది, యంత్రం నడుస్తుంది. కళ్ళు అక్కడా మనసు ఇంకెక్కడో అయితే దీపం ఆరిపోతుంది, అన్నం పలుకుగా దిగుతుంది.

కాబట్టి ఊళ్ళో అందరి ఉద్యోగమూ చూడటమే. నీళ్ళ పంపు చూసేవాళ్ళు, గాలిమర చూసేవాళ్ళు, లిఫ్టు చూసేవాళ్ళు. చూపరులు అంటాం. నేను మనస్తత్వ శాస్త్రవేత్తని గనక చూసేవాళ్ళని చూడటం నా ఉద్యోగం. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, ఇంటికొచ్చాక పలుకన్నమే.

ఊరి కార్యదర్శి త్రినాథరావుగారు పొద్దున్నే పిలిపించారు. చూపరులందరూ చేతికి అంటించుకునే ఆకుబిళ్ళ గురించి. పై అంతస్తు తొట్లలో పెంచే పొగాకు సారం తీసి చేస్తారు దాన్ని. చూపు నిలబెడుతుందని మూడు తరాల నమ్మకం. నేను కూడా రోజూ అంటించుకుంటాను.

“బిళ్ళ లేకపోతే చూపు నిలబడదా, లేకపోతే అది వట్టి అలవాటేనా, తేల్చండి హేమసుందరిగారూ. అలవాటే అయితే ఆ తొట్లలో వంగమొక్కలేయిద్దాం. నేనైతే ఇవాల్టినుంచే మానీసాను, అందరికీ ఆదర్శంగా ఉండాలి గదా,” అన్నారు. ఆయన ఏ పని చేసినా ఆదర్శంగానే చేస్తారు. పక్కనున్నవాళ్ళకి ఊపిరాడదు.

లేచి వస్తుంటే ఇంకొక మాట చెవిన వేశారు. “ఈ పరీక్ష అయిపోయాక కూడా ఎవరి యంత్రం మాటిమాటికీ ఆగుతుందో ఆళ్ళని ఒడ్డుకి పంపించీడమే. ముందు ఆ నాలుగో లిఫ్టు మనిషిని.”

నాలుగో లిఫ్టు మనిషి నూకాలు. ఆమె దృష్టి ఒకచోట నిలవదు. సోమరితనం కాదు, పొగరూ కాదు, పుట్టుకతో వచ్చిన తీరు. నేనే పరీక్షించి కాగితం మీద రాసిచ్చాను. ఆ కాగితాన్ని త్రినాథరావుగారు సాకుల కింద జమకట్టారు.

నమోదు 2

పరీక్ష మొదలైంది. చూపరులందరికీ పొట్లాలు పంచాను. సగం పొట్లాల్లో అసలు బిళ్ళలు, సగంలో వట్టి బిళ్ళలు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. ఏది ఎవరికి వెళ్ళిందో మందుల గదిలో తాళం వేసిన పెట్టెలోని జాబితాకి తప్ప ఎవరికీ తెలీదు, నాకు కూడా. ఒక పొట్లం నేనూ తీసుకున్నాను. చెప్పాల్సిన ధర్మం కనక అందరికీ చెప్పాను: “మీలో కొందరికి మందున్న బిళ్ళ, కొందరికి మందులేని బిళ్ళ. ఎవరికేదో తెలీదు. తెలుసుకోవాలని చూడకండి.” అందరూ చక్కగా తలలూపారు. అంత చక్కగా తలలూపినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

తిరిగొస్తూ నాలుగో లిఫ్టు ఎక్కాను. నూకాలు పీట మీద కూర్చుని ముల్లుకేసి చూస్తోంది. ప్రయాణికులం గోడవైపు మొహాలు పెట్టి నిలబడ్డాం. ఇంకొకరి ముల్లు చూడటం మా ఊళ్ళో ఇంకొకరి కంచంలోకి చూడటంతో సమానం. పిల్లలు చూస్తే మొట్టికాయ పడుతుంది.

కాస్త పైకెళ్ళామో లేదో నూకాలు నావైపు తిరిగింది. “డాట్రమ్మా, ఆ సీర ఎక్కడ కొన్నారేటి? అంచు బాగున్నాది.”

లిఫ్టు ఆగిపోయింది.

“నూకాలూ, ముల్లు,” అన్నాను.

“అయ్యో, సూత్తన్నాను, సూత్తన్నాను.” తిరిగింది. లిఫ్టు కదిలింది. మళ్ళీ నావైపు తిరిగింది. “నన్ను దించీత్తారంట, నిజమేనా? మా అమ్మ ఈ పీట మీదే కూకొనీది. నాను ఈ ఊర్లోనే పుట్టినాను. ఒడ్డున నాకెవులున్నారు? ఈ లిఫ్టెక్కీవోళ్ళే నా సుట్టాలు. ఆళ్ళ మంచీ సెడ్డా అన్నీ నాకే సెప్తారు.”

లిఫ్టు మళ్ళీ ఆగింది. ఈసారి గుర్తుచెయ్యడానికి నాకు మనసొప్పలేదు. ఆమె గొంతులో భయం నాకు బాగానే వినబడింది. అబద్ధం చెప్పలేక, “పరీక్ష కానీ, చూద్దాం,” అన్నాను. డాక్టర్లు ఏమీ చెయ్యలేనప్పుడు అనే మాట అది.

నమోదు 3

నాకొచ్చింది వట్టి బిళ్ళే. ఇందులో అనుమానం లేదు. మూడు రోజుల్నుంచి ఎవరి గొంతు విన్నా ఒళ్ళు మండుతోంది. నిన్న కుక్కర్‌ని తిట్టాను. ఇవాళ దాన్ని ఒక తన్ను తన్నాను. త్రినాథరావుగారు “పరీక్ష ఎంతవరకొచ్చింది?” అని కబురు పెడితే, “మీ ఆదర్శం ఉన్నంతవరకూ వచ్చింది” అని జవాబు రాసి, పంపబోయి ఆగాను. తలనొప్పి. నిద్ర లేదు. చేతిలో ఏదో పట్టుకోవాలనిపిస్తుంది, ఏదో తెలీదు. మానేసినవాళ్ళ లక్షణాలన్నీ పుస్తకంలో ఉన్నట్టే వరుసగా వచ్చాయి. ఒక శాస్త్రవేత్త తన శరీరంలోనే ఇంత స్పష్టంగా చూడగలగడం అదృష్టం. ఆ అదృష్టం మీద మన్నుపొయ్యా.

పక్కగది దాలమ్మ అమ్మమ్మ నన్ను చూసి తెగ నవ్వుకుంది. పంపు చూపరిగా పనిచేసి విరమించిన మనిషి, ఆవిడకి నవ్వడం తప్ప ఇప్పుడు వేరే ఉద్యోగం లేదు. “మా ముత్తవ్వ అడ్డపొగ తాగీది, నిప్పు నోట్లో ఎట్టుకొని. ఒడ్డున గాలికి సుట్ట ఆరిపోకుండా. నోట్లో నిప్పున్నా అది ఇంత సిరాగ్గా ఉండీది కాదే బుల్లీ,” అంది. తలుపు వేసేశాను. తరవాత తెరిచి క్షమించమన్నాను. మళ్ళీ నవ్వింది.

అసలు గొడవ ఇది కాదు. లెక్కలు రావాల్సినట్టు రావడం లేదు. సగం మందికి మందు ఆగితే సగం యంత్రాలైనా మొరాయించాలి కదా. ఊరంతా ఒకటే తీరు. అందరికీ కాస్త చిరాకు, అందరి యంత్రాలూ కాస్త నత్తనడక. రెండు గుంపులుగా విడదీసిన జనం ఒకే గుంపులా ప్రవర్తిస్తున్నారు. ఒక్క మినహాయింపు. నాలుగో లిఫ్టు ఆగడం మానేసింది. ఊళ్ళోకల్లా అదే చక్కగా నడుస్తోంది.

నమోదు 4

నా పరీక్ష నిండా మునిగింది. నవ్వాలో ఏడవాలో తెలీక రెండూ చేశాను.

మధ్యాహ్నం నాలుగో లిఫ్టు ఎక్కాను. నూకాలు శిలలా కూర్చుంది. చెవిదీపం పచ్చగా వెలుగుతోంది. పలకరించినా తిరగలేదు. ఆనందపడబోయాను. మొహం చూస్తే పాలిపోయి ఉంది, నుదుటినిండా చెమట. “నూకాలూ, ఏమైంది?” అని భుజం మీద చెయ్యేస్తే రవిక చేతి కింద ఏదో గరగరలాడింది. చెయ్యి పైకి జరిపాను. భుజం నుంచి మోచేతిదాకా బిళ్ళముక్కలే. సగం ముక్కలు, పావు ముక్కలు, ఒకదానిమీద ఒకటి.

“ఇవెక్కడివి?”

“ఇచ్చినారు,” అని లేవబోయి నా చీరమీదే కక్కుకుంది. అంచు బాగుందన్న చీరే.

ఆస్పత్రి గదికి చేర్చి, ముక్కలన్నీ పీకి, చెయ్యి సబ్బుతో కడిగించాను. సాయంత్రానికి కళ్ళు తేటపడ్డాయి. పొగాకు సారం అంత మోతాదులో ఒంట్లోకి వెళ్తే ప్రమాదం. ఆమె కోలుకుందని తెలిశాక కోపమొచ్చింది. వెళ్ళి, ఊళ్ళో సంగతులన్నీ తెలిసిన దాలమ్మని నిలదీశాను.

“మరేటే బుల్లీ, నువ్వే సెప్పినావు కదా, కొందరికి మందున్నాది, కొందరికి నేదు అని. ఊరోళ్ళు ఇచ్చినదేదైనా పక్కింటికి పెట్టకుండా ఎలగ తింటాం? ఆళ్ళకి వట్టిది వచ్చి మనకి మంచిది వస్తే మొకం సూడగలమా? అందుకని అందరం సగం సగం కోసుకొని మార్సుకున్నాం. నీ పొట్లం అడగడానికి మాత్రం ఎవులికీ దైర్నం సాల్లేదు. పొద్దస్తమానం తలుపేసుకొనుంటే ఎలగ అడుగుతారు?”

“నూకాలుకెందుకిచ్చారు అన్ని ముక్కలు?”

“ఆ గుంటని దించీకుండా ఉంటారని. లిఫ్టెక్కిన పెతీ మనిసీ ఒక ముక్క అంటించినాడు. అందరికీ అదంటే పేనం.”

ప్రపంచంలో ఎక్కడైనా మనుషులు తమకొచ్చింది అసలుదో వట్టిదో అని పొట్లం విప్పి చూసుకుంటారు. మావాళ్ళు పక్కవాడికి వట్టిది వచ్చిందేమోనని కోసి పంచుకున్నారు. నా పుస్తకాల్లో ఈ తప్పుకి పేరు లేదు.

నమోదు 5

నూకాలు లేచేదాకా పీట ఖాళీగా ఉంటే త్రినాథరావుగారు అక్కడ ఇంకొకర్ని కూర్చోబెట్టేస్తారు. అందుకని నేనే కూర్చుంటానన్నాను. ఇన్నేళ్ళుగా మనుషుల ధ్యాస కొలుస్తున్నదాన్ని, ఒక ముల్లు చూడలేనా?

చూడలేను. అది రాసుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం నిజమే. మొదటిసారి ఆగినప్పుడు వట్టి బిళ్ళని తిట్టుకున్నాను. రెండోసారి ఆగినప్పుడు రెండంతస్తుల మధ్య ఇరుక్కున్నాం. లోపల నేనూ, దాలమ్మా, చేపలబుట్టా. ఎంత గుచ్చి చూసినా దీపం వెలగదే! మనసు మాత్రం, ఈ బుట్టలో ఉన్నవి కవళ్ళా కానాగంతలా అని ఆలోచిస్తోంది.

“ఇంకెంతసేపే? సేపలు పాడయిపోతాయి,” అని విసుక్కుంటూ దాలమ్మ నా భుజం మీదుగా తొంగిచూసింది. లిఫ్టు కదిలింది. నా చూపు నిలిచిందని మురిసిపోయాను. అప్పుడే లిఫ్టు అద్దంలో కనబడింది. నా చెవిదీపం ఆరే ఉంది. దాలమ్మ చెవిదీపం పచ్చగా వెలుగుతోంది.

యంత్రానికి మనిషి చూపు కావాలి, అది ఎవరిదైనా సరే. ఇన్నాళ్ళూ మర్యాదకొద్దీ గోడవైపు తిరిగి నిలబడి ఈ సంగతి ఎవరమూ కనిపెట్టలేదు.

“ఎవులికీ సెప్పకే. నాను ఒకరి ముల్లు సూసినానని తెలిస్తే పరువు పోతాది,” అంది దాలమ్మ.

సాయంత్రం మందుల గది పెట్టె తెరిచాను. పరీక్ష ఎలాగూ పాడైపోయింది, దాచి లాభమేమిటని. నా పేరు వెతికాను. హేమసుందరి: అసలు బిళ్ళ. మొదటిరోజునుంచీ అసలు బిళ్ళే. తలనొప్పి, నిద్రలేమి, కుక్కర్‌కి పడ్డ తన్ను, అన్నీ నేను సొంతంగా తయారుచేసుకున్నవే. ఊళ్ళో పూర్తి మందు ఒంటిమీదున్న చూపరిని నేనొక్కదాన్నే, లిఫ్టుని నడిమధ్యలో నిలబెట్టిందీ నేనే. కాసేపు ఆ పెట్టెముందు ఒంటరిగా కూర్చుని నవ్వాను. తరవాత బిళ్ళ పీకి పారేశాను. అప్పుడు నిజంగా తలనొప్పి మొదలైంది.

నమోదు 6

తేలిందేమిటో త్రినాథరావుగారికి చెప్పాను. పరీక్ష చెడిందని దాచకుండానే చెప్పాను. సగం మందుతో కూడా ఊరు నడిచింది. మామూలు దృష్టి ఉన్నవాళ్ళకి బిళ్ళ కొత్తగా ఇచ్చేదేమీ ఉన్నట్టు లేదు. అది లేనప్పుడు పుట్టే చిరాకుని అదే తీరుస్తోంది. నెమ్మదిగా మానిపిస్తే కొన్నాళ్ళు సణుక్కుని సర్దుకుంటారు. నూకాలు సంగతి వేరు. ఆమెకి మందు నిజంగానే ఆసరా ఇచ్చింది, అయితే తగిన మోతాదులో, నా కళ్ళముందు ఇవ్వాలి. తక్కినవాళ్ళకి అలవాటైనది ఆమెకి వైద్యం.

ఆయన అంతా విన్నారు. వినడమూ ఆదర్శంగానే విన్నారు.

“తొట్లు పీకించీసాక ఒక్క మనిషికోసం పొగాకు పెంచమంటారా? కుదరదండి. బిళ్ళ లేకుండా కింది అంతస్తునుంచి పై అంతస్తుదాకా ఒక్కసారి నడపమనండి. ఎక్కడా ఆగకపోతే ఉంటాది. ఆగితే ఒడ్డుకి. రేపు నేనే వచ్చి చూస్తాను.”

బిళ్ళ లేకుండా నూకాలు ఐదారు అంతస్తులు దాటితే గొప్ప. దాలమ్మకి చెప్పాను. ఇద్దరం కలిసి కుట్ర పన్నాం. రేపు లిఫ్టులో ఇద్దరం ఉంటాం, వంతులవారీగా నూకాలు భుజం మీదుగా ముల్లు చూస్తుంటాం.

“పరువు పోతుందన్నావుగా అమ్మమ్మా?”

“ఈ వయసులో దాంతో నాకేటి పని? పోతే పోనీ.”

నమోదు 7

కుట్ర మొదటి నిమిషంలోనే చెడింది. త్రినాథరావుగారు లిఫ్టులో కాలు పెడుతూనే, “అందరూ గోడవైపు తిరగండి. దిగేదాకా ఇటు చూడకూడదు,” అన్నారు. దాలమ్మా నేనూ మొహాలు చూసుకుని గోడవైపు తిరిగాం. గోడకి అద్దం ఉండటం ఒక్కటే అదృష్టం, అందులో ముల్లు కనబడకపోయినా చెవిదీపాలు కనబడతాయి. ఆయన మాత్రం నూకాలు వెనకే నిలబడి, ఆమె భుజం మీదుగా ముల్లుమీద కళ్ళు గుచ్చారు. తనిఖీకి వచ్చినవారికి మర్యాద వర్తించదట.

నూకాలు పీట అంచు రెండు చేతులతో పట్టుకుంది, రెప్ప వెయ్యడం లేదు. లిఫ్టు బయల్దేరింది. చెవిదీపం పచ్చగా వెలిగింది. చేపల అంతస్తు దాటాం, బడి దాటాం, ఆస్పత్రి దాటాం. నేను అద్దంలో ఆ దీపాన్నే చూస్తున్నాను.

బట్టల అంతస్తు దగ్గర దీపం రెపరెపలాడింది. ఆరిపోయింది.

అయిపోయిందనుకున్నాను. కళ్ళు మూసుకుని, లిఫ్టు కుదుపుకోసం కాచుకున్నాను. కుదుపు రాలేదు. కళ్ళు తెరిస్తే నూకాలు పూర్తిగా ఇటు తిరిగిపోయి ఉంది. “డాట్రమ్మా, నా వల్ల మీ సీర పాడైపోనాది కదా, మరక పోయిందేటి? నిమ్మకాయ రుద్దండి. మా అమ్మ నిమ్మకాయే రుద్దీది. ఒకపాలి ఏటైనాదంటే...” అంటూ కథ అందుకుంది. పరీక్ష సంగతి, ఒడ్డు సంగతి, వెనకాలున్న కార్యదర్శి సంగతి, ఏదీ గుర్తులేదు ఆమెకి.

లిఫ్టు మాత్రం పైకి వెళ్తూనే ఉంది. జారుతున్నంత హాయిగా వెళ్తోంది.

దాలమ్మ నన్ను మోచేత్తో పొడిచి, అద్దంలో కళ్ళతో చూపించింది. త్రినాథరావుగారి చెవిదీపం! పచ్చగా, నిబ్బరంగా, ఊళ్ళో ఏ చూపరి చెవికీ వెలగనంత బాగా వెలుగుతోంది. ముల్లు ఎప్పుడు పడుతుందా, ఎక్కడ ఆగుతుందా అని ఆ మహానుభావుడు కన్నార్పకుండా చూస్తున్నారు. నూకాలు తిరగడం కూడా ఆయన గమనించలేదు. తన చెవి తనకి కనబడదు కదా. నవ్వు ఆపుకోవడానికి చీర చెంగు నోట్లో కుక్కుకున్నాను. దాలమ్మ ఆ పని కూడా చెయ్యలేకపోయింది. ఆమె భుజాలు కదిలిపోతున్నాయి.

పై అంతస్తు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. ఎదురుగా పొగాకు తొట్లు.

“ఆగలేదేటి?” అన్నారు త్రినాథరావుగారు. గొంతులో ఆశాభంగం దాచుకోలేకపోయారు.

“మీరు నడిపారు కదండీ, ఎందుకాగుతుంది?” అన్నాను. “మళ్ళీ ముల్లు చూడండి, మీ చెవిదీపం వెలిగిందో లేదో మేం చెప్తాం.”

చూశారు. ముల్లుకేసి చూస్తే వెలుగు, తల తిప్పితే ఆరిపోవడం. మూడుసార్లు పరీక్షించారు. మొహం ఎర్రబడింది. “అయితే ఇది చెల్లదు,” అన్నారు.

“మీరు పెట్టిన షరతు లిఫ్టు ఆగకూడదని. ఆగలేదు. ఇంకొకటి, మీరు బిళ్ళ మానేసి ఇన్నాళ్ళయింది. ఈ ఊళ్ళో ఇంత సేపు చెదరని చూపు నేనెప్పుడూ నమోదు చెయ్యలేదు. అంత ధ్యాస ఎక్కణ్ణుంచొచ్చింది మీకు?”

ఎన్ని లోపాలున్నా ఆయన అబద్ధమాడే మనిషి కాదు. “ఎక్కడాగుతాదా అని చూసినానండి,” అన్నారు చివరికి, చిన్నగా.

“ఎదటోళ్ళ తప్పు కోసం సూత్తుంటే రెప్ప ఎలగ పడతాది బాబూ,” అంది దాలమ్మ. కార్యదర్శిని పట్టుకుని అంత మాట అందేమిటని నేను హడలిపోయాను. త్రినాథరావుగారికి ముందు మూతి బిగుసుకుంది, తరవాత పెదవి వణికింది, ఆ తరవాత పగలబడి నవ్వారు. ఆయన నవ్వడం నేను చూడటం ఇదే మొదటిసారి. నవ్వితే మామూలు మనిషిలా ఉన్నారు.

మళ్ళీ అందరం లిఫ్టు ఎక్కాం. లిఫ్టు కిందికి దిగుతుంటే ఆయన చెప్పారు. తొట్లన్నీ పీకించక్కర్లేదు, వైద్యానికి ఒకటి ఉంచుదాం. లిఫ్టు ఎక్కినవాళ్ళు గోడలు చూడ్డం మానేసి చూపరికి తలో కాసేపు సాయంపడొచ్చు, అందులో తప్పేమీ లేదని రేపే చాటిస్తాను. నూకాలు ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, ఈ పీట ఆమెదే.

ఇవన్నీ నూకాలుకి రెండడుగుల దూరంలో నిలబడే చెప్పారు. ఆమె ఒక్క ముక్క కూడా వినలేదు. ముల్లుకేసి ఒక చూపు, దాలమ్మకేసి ఒక చూపు వేస్తూ, నిమ్మకాయ కథ పూర్తిచేసే పనిలో ఉంది.

“నూకాలూ,” అని ఆమె చెయ్యి పట్టుకున్నాను. “నిన్ను దించడం లేదు. నువ్వు ఇక్కడే ఉంటావు. ఈ లిఫ్టు నీదే.”

కథ మధ్యలో ఆగిపోయింది. నావైపు తిరిగింది. “మళ్ళీ సెప్పండి డాట్రమ్మా,” అంది.

మళ్ళీ చెప్పాను. ఆమె నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. కళ్ళు నిండాయి, చెంపలమీదుగా కారాయి, అయినా చూపు తిప్పలేదు. ఆమెని పరీక్షించడం మొదలుపెట్టినప్పటినుంచీ ఇంతసేపు ఒకేచోట నిలిచిన చూపు నేను చూడలేదు. నాకూ ఏడుపొచ్చింది. త్రినాథరావుగారు ముక్కు తుడుచుకున్నారు. దాలమ్మ ఎవరినీ పట్టించుకోకుండా బావురుమంది.

లిఫ్టు ఎప్పుడో ఆగిపోయింది. ముల్లుకేసి ఎవరూ చూడటం లేదు.